పులి మింగిన అచ్చు: పిల్లల చేత బోర్డు ఆటలు చేయించి వ్యాకరణం నేర్పే పద్ధతి

ఏడో తరగతిలో ఉకారసంధి చెబుతున్నాను. "ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధి యగు" అని మూడుసార్లు పలికించి, నల్లబల్ల మీద ఉదాహరణ రాసి ఇటు తిరిగితే, వెనక బెంచీలో ఇద్దరు నోటుపుస్తకం చివరి పేజీలో గళ్లు గీసుకుని అష్టాచెమ్మా ఆడుతున్నారు. కోప్పడదామనే దగ్గరికి వెళ్లాను. తీరా చూస్తే ఆట ఆగిపోయింది, తగువు నడుస్తోంది. "ఒక కాయనన్నా చంపకుండా లోపలి గళ్లలోకి పోకూడదు" అంటాడు ఒకడు. "మా ఊళ్లో పోవచ్చు, ఇష్టముంటే పోవచ్చు" అంటాడు రెండోవాడు. "కాయను చంపితే ఇంకో ఆట మాత్రం తప్పకుండా ఉండాది, అది ఎక్కడైనా అంతే" అని మళ్లీ మొదటివాడు.

పోకూడదు, ఇష్టముంటే పోవచ్చు, తప్పకుండా ఉంటుంది. నిషేధం, వైకల్పికం, నిత్యం. అరగంట నుంచి నేను గొంతు చించుకుంటున్న మూడు మాటలూ వాళ్ల తగువులో ఉన్నాయి. నా పాఠంలోనే అవి వాళ్లకు కనబడలేదు.

తిరుపతికి చంద్రగిరి వైపున్న ఒక హైస్కూల్లో 6, 7, 8 తరగతులకు తెలుగు చెబుతాను. ఆ రోజు నుంచి వ్యాకరణం పీరియడ్ల తీరు మార్చుకున్నాను. నేను ఆట తయారుచేసి పిల్లల చేత ఆడించడం కాదు ఇది. ఆ పని ముందు చేసి చూశాను, వాళ్లు ఆడారు, నవ్వారు, వ్యాకరణం మాత్రం ఎక్కలేదు. ఆటను వాళ్లే తయారుచేయాలి, దాని రూల్సు వాళ్లే రాయాలి, ఆ రూల్సు మీద వాళ్లే కొట్లాడుకోవాలి. సూత్రం ఎక్కేది అక్కడే. ఏ పీరియడ్‌లో ఏం చేయాలో, ఎక్కడ దెబ్బ తింటామో వరసగా చెబుతాను. మొత్తం ఆరేడు పీరియడ్ల పని.

ఏ పాఠానికి కుదురుతుంది

అన్నిటికీ కుదరదు. భాషాభాగాల పేర్లు, నిర్వచనాలు ఆటలో పెడితే అది ఆట ముసుగేసుకున్న స్లిప్ టెస్టు అవుతుంది. రెండు ముక్కలు కలవడమో, ఒకటి విడిపోవడమో, ఒకటి ఇంకోదాని చోట వచ్చి కూర్చోవడమో ఉన్న పాఠాలకే ఆట సహజంగా పొసుగుతుంది. సంధులకు బ్రహ్మాండంగా, సమాసాలకు బాగా, విభక్తులకు ఓ మాదిరిగా కుదురుతుంది. ఛందస్సును ఈ వయసు పిల్లల ఆటలోకి లాగకండి.

ఇంకో పరీక్ష ఉంది. ఆటలోంచి వ్యాకరణం తీసేసినా ఆట యథాతథంగా నడుస్తోందంటే ఆ ఆట పనికిరాదు. మొదటిసారి మా పిల్లలు వైకుంఠపాళి గీసి, పాము దగ్గర "ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి" అని రాసుకొచ్చారు. ప్రశ్న తీసేస్తే పాము పామే, నిచ్చెన నిచ్చెనే. ఎత్తు వేయడం, సంధి కలపడం రెండూ ఒకే పని కావాలి.

మొదటి పీరియడ్: వ్యాకరణం ఊసెత్తొద్దు

ఆ రోజు అష్టాచెమ్మా, పులిమేక ఆడించండి, అంతే. ఐదుగురికో జట్టు. నలుగురు ఆడితే ఒకరు తీర్పరి. ఆట మధ్యలో జట్టుకు ఒక తెల్లకాగితం ఇచ్చి, "ఈ ఆట అసలు తెలియనివాడికి చెప్పినట్టు రూల్సు రాయండి" అనండి. నలభై మందిలో ఎనిమిది జట్లు ఎనిమిది రకాలుగా రాస్తాయి. పాకాల నుంచి వచ్చే పిల్ల ఒకలా, రేణిగుంట నుంచి వచ్చేవాడు ఇంకోలా. ఆ కాగితాలు గోడకు అంటించి, ఎర్రపెన్సిలుతో మూడు రకాల గీతలు గీయించండి. "తప్పకుండా" ఉన్న రూలు కింద ఒక గీత, "ఇష్టముంటే" ఉన్నదాని కింద రెండు గీతలు, "కూడదు" ఉన్నదాని కింద అలల గీత. అప్పుడు నిత్యం, వైకల్పికం, నిషేధం అని పేర్లు చెప్పండి. నిర్వచనం చెప్పక్కర్లేదు, గోడ మీద ఉంది.

"ఒక్కో ఊళ్లో ఒక్కోలా, ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు, ఇంకోచోట ఇష్టం" అనే రూలు ఏదో ఒకటి దొరుకుతుంది. అది బహుళం. బహుళం ఇంత తేలిగ్గా చెప్పిన రోజు నా సర్వీసులో ఇంకోటి లేదు.

సామాను

షాపులో కొనేది జిగురు, స్కెచ్ పెన్నులు. మిగతావన్నీ ఇళ్లల్లో ఉంటాయి. బోర్డుకు చెప్పుల పెట్టె అట్ట లేదా చీరల పెట్టె మూత. కార్డులకు పాత పెళ్లిపత్రికలు. మందంగా ఉంటాయి, వెనకవైపు ఖాళీ. స్వామివారి బొమ్మ ఉన్న వైపు కత్తెర పడకుండా చూసుకోండి. మా క్లాసులో ఒకడు గోడ క్యాలెండరే కోసుకొచ్చాడు, మర్నాడు వాళ్ల అవ్వ బడికొచ్చింది. బోర్డు మీద కూడా దేవుడి బొమ్మలు వద్దు, కాయలు వాటి మీద నడుస్తాయి కదా. గోపురాలు, మెట్లు, జింకలు, చెట్లు గీయమనండి, చాలు.

పాచికలు కొనకండి. నాలుగు చింతపిక్కలు తెచ్చి, ఒక్కోదాన్ని గచ్చు మీద నీళ్ల చుక్క వేసి ఒకవైపే అరగదీయిస్తే ముదురు తోలు పోయి లోపలి తెలుపు బయటపడుతుంది. రెండో వైపు నున్నగా నల్లగా ఉండిపోతుంది. ఐదు నిమిషాల పని, వేళ్లు నొప్పెడతాయి. ఎగరేస్తే ఎన్ని తెల్లవి పడితే అంత. నాలుగూ తెలుపైతే చెమ్మ, అంటే 4. నాలుగూ నలుపైతే అష్ట, అంటే 8.

బోర్డు ఎంత పొడుగుండాలి

ఇది పిల్లలకు వదిలేస్తే వంద గళ్లు గీస్తారు. పీరియడ్ అయిపోతుంది, ఆట సగంలో ఉంటుంది, తర్వాతి సారు వచ్చి గుమ్మంలో నిలబడతారు. కొంచెం లెక్క వేయించండి, లెక్కల టీచరు కూడా సంతోషిస్తారు.

నాలుగు పిక్కలు పడే తీర్లు 16. అందులో 1 పడేవి 4, 2 పడేవి 6, 3 పడేవి 4, చెమ్మ ఒకటి, అష్ట ఒకటి. అన్నీ కూడితే 40, పదహారుతో భాగిస్తే ఒక్కో ఆటకు, అంటే ఒకసారి పిక్కలు వేస్తే, సగటున రెండున్నర గళ్లు. పిక్కలు ఎప్పుడూ సమంగా పడవనుకోండి, అయినా అంచనాకు చాలు. 24 గళ్ల బోర్డయితే ఒక్కొక్కరికి సుమారు పది ఆటలు. ఆటకు ముప్పావు నిమిషం వేసుకుంటే, నలుగురికి కలిపి అరగంట. 40 గళ్లయితే ముప్పావు గంట దాటుతుంది, అంటే కుదరదు. అందుకని 24 దాటనివ్వను. చెమ్మ, అష్ట పడితే ఇంకో ఆట ఇచ్చే అలవాటును కూడా ఈ బోర్డులో తీసేయిస్తాను. ఒక్కడే ఆడుతూ కూర్చుంటే మిగతా ముగ్గురు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు.

రెండు, మూడు పీరియడ్లు: పులిమేకలో అచ్చుసంధులు

ఇది మా పిల్లలు చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆట. దీన్ని కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

పులిమేకలో 3 పులులు, 15 మేకలు, 23 కూడళ్లు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ కూడలికి దూకితే మేక చచ్చినట్టే. పులికి ఎటూ కదలడానికి లేకుండా చుట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఈ ఆటను సంధిగా మార్చవచ్చని నాకు తట్టలేదు. "ఊరు, ఎక్కడ కలిస్తే ఊరెక్కడ. ఊరులో ఉకారం ఏమైంది?" అని అడిగితే ముందు బెంచీ పిల్ల, "ఎకారం మింగేసింది టీచర్, పులి మేకను మింగినట్టు" అంది. ఇలాంటి సంధిలో ముందున్న అచ్చు పోయి తర్వాతి అచ్చు నిలుస్తుంది, దాన్నే పుస్తకం పరస్వరం ఏకాదేశం అంటుంది. ఆ పిల్ల మాటను మించిన వివరణ నా దగ్గర లేదు. అక్కడి నుంచి ఆట దానంతటదే వచ్చింది.

పులుల మీద అచ్చుతో మొదలయ్యే మాటలు అంటించాం: ఎక్కడ, ఇచ్చెను, అనగా. మేకల మీద అచ్చుతో ముగిసే మాటలు. పులి దూకేటప్పుడు ఆడేవాడు రెండు మాటల్నీ కలిపి గట్టిగా చెప్పాలి. తప్పు చెబితే దూకుడు చెల్లదు, వంతు పోతుంది.

మేకలు మూడు జాతులు. మొదటి జాతి, ఉకారంతో ముగిసేవి: రాముడు, వాడు, ఊరు, ఇల్లు, చెట్టు లాంటివి ఎనిమిది. రాముడిచ్చెను, ఊరెక్కడ, చెట్టనగా. వీటికి దిక్కు లేదు, పులి దూకితే పోవాల్సిందే. ఉత్తుకు, అంటే చివరి ఉకారానికి, సంధి నిత్యం కదా.

రెండో జాతి, ఏమి, మరి, అది, ఇది, ఏది. ఇవి ఏమ్యాదుల్లోవి, సంధి వైకల్పికం. మరి, ఎక్కడ కలిస్తే మరెక్కడ అనవచ్చు, మరియెక్కడ అనీ అనవచ్చు. పులి "మరెక్కడ" అని దూకితే, మేకలవాడు వెంటనే "మరియెక్కడ" అని తప్పుల్లేకుండా అంటే మేక బతుకుతుంది, పులి వెనక్కి పోతుంది. మధ్యలో వచ్చిన యకారం డాలు లాగా అడ్డుపడిందన్నమాట. పిల్లలు దానికి "య డాలు" అని పేరు పెట్టారు. యడాగమం అనే మాట పలకడానికి తడబడేవాళ్లు కూడా ఆ డాలును మాత్రం ఎప్పుడు ఎత్తాలో ఎన్నడూ మరచిపోలేదు.

మొదటి రోజు ఆట దీనివల్లే చెడింది. ప్రతిసారీ డాలు ఎత్తడమే, రెండో జాతి మేకలు అసలు చావవు. పులులవాళ్లు అలిగి లేచిపోయారు. నేను నోరు విప్పలేదు. పావుగంట తర్వాత వాళ్లే వచ్చి, మేకలవాళ్లకు ఆట మొత్తానికి మూడే య బిళ్లలు ఇవ్వాలి, డాలు ఎత్తిన ప్రతిసారీ ఒకటి ఖర్చు అవ్వాలి అని రూలు కట్టారు. ఇష్టం అంటే ఊరికే వచ్చేది కాదు, ఎక్కడ వాడాలో ఎంచుకోవాలి. వైకల్పికాన్ని ఇంతకన్నా ఎలా నేర్పుతాం?

మూడో జాతి రెండే మేకలు: వచ్చి, తెచ్చి. ఇలా "ఒక పని చేసి" అనే అర్థమిచ్చే మాటలు క్త్వార్థకాలు, వాటి చివరి ఇత్తుకు, అంటే ఇకారానికి, సంధి లేదు. తెచ్చి, ఇచ్చెను పక్కపక్కన వస్తే తెచ్చియిచ్చెను అవుతుందే తప్ప ఇకారం పోదు. కాబట్టి వీటిని పులి ముట్టుకోలేదు. చావులేని మేకలు. ఇవి రెండే ఉండాలి. నేను తెలివికిపోయి నాలుగు పెట్టించాను, వాటిని మూల కూడళ్లలో పెట్టి పది నిమిషాల్లో మూడు పులుల్నీ కట్టేశారు.

ఇక్కడే అసలు తగువు లేచింది. పులులవైపు ఆడుతున్న పిల్లాడు "తెచ్చిచ్చెను" అని దూకేశాడు. తీర్పరి కూడదన్నాడు. "ఎందుక్కూడదు? మా నాయన నిన్న తెచ్చిచ్చినాడు అంటాండాం కదా! ఎవురన్నా తెచ్చియిచ్చినాడు అంటారా?" అని వాడు.

వాడన్నది నిజమే. రాసిచ్చాడు, చేసిచ్చాడు, తెచ్చిచ్చాడు అని మనందరం అంటాం, పత్రికల్లోనూ చూస్తాం. చిన్నయసూరి సూత్రాలు కట్టింది గ్రాంథిక భాషకు. బాలవ్యాకరణం 1858లో అచ్చయింది, మన నోళ్లు అక్కడ ఆగిపోలేదు. ఇలాంటప్పుడు "నువ్వు మాట్లాడేది తప్పు" అంటే ఆ పిల్లాడు మళ్లీ క్లాసులో నోరు తెరవడు. నేను చేసింది ఇది: ఆటకు రెండు రూల్సు పత్రాలు పెట్టించాను. ఒకటి పుస్తకం రూలు, రెండోది ఇంటి రూలు. ఆట మొదలయ్యే ముందు ఏ పత్రంతో ఆడుతున్నామో చెప్పుకోవాలి. పరీక్షలో మొదటిదే అడుగుతారని కూడా చెప్పాను, దాచడమెందుకు. ఇంటి రూలు పత్రంలో ఆ వారం పదకొండు మాటలు చేరాయి. అన్నీ వాళ్ల ఇళ్లల్లో విని రాసుకొచ్చినవే. వాటిల్లో "కొండెక్కి" కూడా ఉంది. కొండ, ఎక్కి కలిస్తే అకారసంధి, అది పుస్తకంలోనూ చెల్లుతుందని చెబితే ఆ మాట తెచ్చినవాడి మొహం చూడాలి. మా ఊళ్లల్లో వారానికొకరైనా కొండెక్కి వచ్చేవాళ్లే కదా.

ఇంకో మాట. కుప్పం, నగరి వైపు బళ్లలో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు చాలామంది ఉంటారు. యడాగమం వాళ్లకు మనకన్నా ముందే పట్టుబడుతుంది, తమిళంలోనూ రెండు అచ్చుల మధ్య అలాంటి యకారం వచ్చి చేరుతుంది. వాళ్లను తీర్పరులుగా కూర్చోబెట్టండి.

నాలుగో పీరియడ్: మెట్లదారి బోర్డు, సంస్కృత సంధులు

సవర్ణదీర్ఘ, గుణ, యణాదేశ, వృద్ధి సంధులకు మా ఆరో జట్టు అలిపిరి మెట్లదారి గీసింది. అసలు దారిలో 3550 మెట్లు, వీళ్ల అట్ట మీద 24. కింద పాదాల మండపం, మధ్యలో గాలిగోపురం, పైకి పోయేకొద్దీ జింకలు, చివర్లో మోకాళ్ల మిట్ట.

కార్డు తీయాలి, మీద ఉన్న మాటను విడదీసి సంధి పేరు చెప్పాలి, సరిగ్గా చెబితేనే పిక్కలు వేసే హక్కు. తప్పయితే పక్కవాడు చెప్పి ఆ ఆట కొట్టేయవచ్చు. గాలిగోపురం దగ్గర ఆగినవాడు ఒక వంతు కూర్చోవాలి, కానీ చేతిలో ఒక కార్డు దాచుకోవచ్చు. మోకాళ్ల మిట్ట మూడు గళ్లు. అక్కడ పిక్కలు ఎంత పడినా ఒక్కో గడే కదలాలి. అక్కడ మోకాళ్ల మీద ఎక్కేవాళ్లను చూసిన పిల్లలే ఈ రూలు పెట్టగలరు.

కార్డుల దగ్గర ఒక బోల్తా పడ్డాం, మీరు పడకండి. ఉత్సాహంగా ఏడుకొండల పేర్లూ రాయించాను: శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. రెండో రౌండుకల్లా ఏ కార్డు తీసినా చూడకుండానే "సవర్ణదీర్ఘం" అనేస్తున్నారు, అదీ సరిపోతోంది! ఒక్కసారి విడదీసి చూడండి. శేష, అద్రి. నీల, అద్రి. ఏడుకు ఏడూ అకారం మీద అకారమే. ఇరవై ఏళ్లుగా రోజూ తలెత్తి చూసే కొండలు, నాకే ఆ రోజు తెలిసింది.

అందుకని ఇప్పుడు కార్డుల కట్ట ఇలా కట్టిస్తాను. మొత్తం 36. సవర్ణదీర్ఘం 12, అందులో కొండలు మూడుకు మించకూడదు. గుణం 12, యణాదేశం 8, వృద్ధి 4. ఒకదానికొకటి దగ్గరగా కనబడే జంటలు తప్పనిసరిగా పెట్టాలి: వేంకటాచలం, వేంకటేశ్వరుడు. మొదటి ముక్క ఒకటే, రెండో ముక్కలో అచలం అయితే దీర్ఘం, ఈశ్వరుడైతే గుణం. శ్రీకాళహస్తీశ్వరుడు వచ్చేసరికి మళ్లీ ఈశ్వరుడే, కానీ ముందు ఇకారం ఉంది కాబట్టి సవర్ణదీర్ఘం. ఈ మూడు కార్డులూ తెలుసుకున్న పిల్ల ఇక ఊహ మీద చెప్పదు, రెండు అచ్చుల్నీ చూసి చెబుతుంది. బ్రహ్మోత్సవం, రథోత్సవం గుణానికి. యణాదేశానికి ప్రత్యేకం, అత్యంతం, వృద్ధికి ఏకైక.

తెప్పోత్సవం కార్డు కావాలనే పెట్టండి. తెప్ప తెలుగు మాట, ఉత్సవం సంస్కృతం. గుణసంధి రెండు సంస్కృత పదాల మధ్య జరగాలని పుస్తకం. మరి ఊరంతా తెప్పోత్సవమే అంటుంది కదా? ఈ కార్డు వచ్చిన జట్టుకు ఆట ఆగిపోతుంది, మాటలు మొదలవుతాయి. ఆగనివ్వండి.

రూల్సు పత్రం రాయించడం

ఒక పేజీ, ఒకే వైపు. ప్రతి రూలులో మూడు ముక్కలు ఉండాలి: ఎప్పుడు, ఏం జరుగుతుంది, ఒప్పుకోకపోతే ఎవరు తేలుస్తారు. పిల్లలు మొదట రాసేది ఇలా ఉంటుంది: "అచ్చు వస్తే కలపాలి." ఏ అచ్చు? ఎవరి తర్వాత? ఈ రెండు ప్రశ్నలే రాసి కాగితం వెనక్కి ఇవ్వండి. రెండోసారికి "మొదటి మాట చివర ఉ ఉండి, రెండో మాట మొదట ఏ అచ్చయినా ఉంటే, ఉ పోతుంది" అని వస్తుంది. ఆ వాక్యం పక్కన "ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధి యగు" రాసి రెండూ చదివించండి. మా వాళ్లలో ఒకమ్మాయి, "వాళ్లది పొట్టిగా ఉంది టీచర్, మనది పొడుగుంది, అంతే తేడా" అంది. అప్పటిదాకా బట్టీ పట్టి చదివిన వాక్యానికి అర్థం ఉందని ఆ పిల్లకు తెలిసిన క్షణం అది.

మీరు రూల్సు సరిదిద్దకండి. చాలా కష్టం, తెలుగు టీచర్లకు మరీను, చేతిలో ఎర్రపెన్ను ఉండగా ఊరుకోలేం. అక్షరదోషాలు దిద్దండి, రూల్లో కంత ఉంటే మాత్రం వదిలేయండి. అది పూడ్చడానికి తర్వాతి పీరియడ్ ఉంది.

ఐదో పీరియడ్: పరాయి జట్టు ఆడాలి

జట్లు ఆటపెట్టెలు మార్చుకుంటాయి. తయారుచేసినవాళ్లు పక్కన నిలబడి చూడాలి, పెదవి విప్పకూడదు, సైగ కూడా చేయకూడదు. ఆడేవాళ్లకు ఆ ఒక్క పేజీ తప్ప ఇంకేం ఉండదు. ఎక్కడ ఆట ఆగిందో, ఎక్కడ తిట్టుకున్నారో తయారుచేసినవాళ్లు రాసుకోవాలి. నోరు మూసుకుని నిలబడటం కుదరక మా వాళ్లు గోళ్లు కొరుక్కున్నారు. గంట కొట్టాక ఆ కంతలన్నీ వాళ్లే పూడ్చుకున్నారు.

ఆటలో ఎవరికైనా అనుమానం వస్తే "ఢీ" అని చేయి పెట్టవచ్చు. ఊరికే "తప్పు" అంటే చెల్లదు. ముందు మాట చివరి అచ్చు ఏదో, వెనక మాట మొదటి అచ్చు ఏదో, కలిస్తే ఏమవ్వాలో చెప్పాలి. సరైతే ఎదుటివాడి వంతు వీళ్లకు, కాకపోతే వీళ్ల కాయ రెండు గళ్లు వెనక్కి. ఈ ఒక్క రూలు నా తరఫున అన్ని ఆటల్లోనూ పెట్టిస్తాను. గొడవ ఉంటుంది, తలుపులు మూసుకోండి, పక్క క్లాసుకు ముందే చెప్పుకోండి.

సమాసాలకైతే

ఎనిమిదో తరగతికి బోర్డు కూడా అక్కర్లేదు. రెండు మాటల కార్డులు, మధ్యలో పెట్టడానికి విభక్తుల బిళ్లలు: తో, కొరకు, వలన, యొక్క, అందు. నేతి, దీపం మధ్య "తో" పెడితే నేతితో దీపం, తృతీయా తత్పురుష. గుడి, గంట మధ్య ఒకరు "యొక్క" పెట్టారు, ఇంకొకరు "అందు" పెట్టారు, రెండింటికీ పాయింటు ఇచ్చాం. శ్రీకాళహస్తి దగ్గర ఏ బిళ్లా పట్టదు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు, ముగ్గురూ సమానమే, కాబట్టి ద్వంద్వం. మొదట విభక్తి బిళ్ల పెట్టినవాళ్లు దాన్ని తామే వెనక్కి తీసుకుంటారు చూడండి.

మార్కులు, పరీక్ష

ఆటలో గెలుపుకు మార్కులు వేయకండి, పిక్కల అదృష్టానికి మార్కులు వేసినట్టవుతుంది. రూల్సు పత్రానికి పది, ఢీలో చెప్పిన కారణాలకు పది. తీర్పరి ఒక కాగితం మీద ఢీలు రాసి పెడితే ఎవరెంత మాట్లాడారో తెలుస్తుంది. అసలు ఢీ అననివాళ్లు ఎవరో కూడా తెలుస్తుంది, వాళ్లను తర్వాతి వారం తీర్పరులను చేయండి.

ఒక లోటు ముందే చెబుతాను. పులిమేక ఆడినవాళ్లు కలపడం చకచకా చేస్తారు, పరీక్షలో "విడదీయండి" అంటే మాత్రం తడబడతారు. రెండూ ఒకటే అని నేనూ అనుకున్నాను, కాదు. మెట్లదారి ఆటలో విడదీయడమే పెట్టడానికి కారణం అదే. పులిమేక మాత్రమే ఆడించే పనైతే, చచ్చిన మేకలను చివర్లో మళ్లీ బతికించే రౌండు ఒకటి పెట్టండి: చచ్చేటప్పుడు కలిసిన మాటను విడదీసి రాస్తే మేక తిరిగి వస్తుంది. ఇది ఆరో పీరియడ్‌కు సరిపోతుంది. ఏడోదాంట్లో బోర్డు లేకుండా మామూలు కాగితం మీద పది మాటలు ఇచ్చి చూసుకోండి.

పెట్టె దాచడం

ఆట, పిక్కలు, కార్డులు, రెండు రూల్సు పత్రాలు చెప్పుల పెట్టెలో పెట్టి, మూత లోపలివైపు తేలని తగువుల చీటీ అంటించండి. వచ్చే ఏడాది పిల్లలు మొదట తెరిచేది ఆ మూతే. మెట్లదారి పెట్టె మూతలో ఇప్పుడు రెండు ఉన్నాయి: "తెప్పోత్సవం, పుస్తకం ఒప్పుకోదు, ఊరు ఒప్పుకుంటుంది. మీరేమంటారు?" రెండోది ఎవరిదో గొలుసుకట్టు రాత: "కపిలతీర్థం. కపిలుని తీర్థమా, కపిల అనే పేరుగల తీర్థమా? టీచర్ రెండూ అన్నారు. మేం ఒప్పుకోలేదు."